రెండద్దాల నడుమ ఊపిరి

తినే అన్నం మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు. బిడ్డ మీద ఒట్టెయ్యమని మాత్రం అడగకండి... ఆ రాత్రి పోబోయింది దాని ప్రాణమే.

అప్పుడు నేను భైంసాలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. మిల్లు గోడ పక్కనే క్వార్టరు. అంతకుముందు అందులో ఉన్న ఇంజనీరుకు మిల్లు రొద పడేది కాదట. పడకగది కిటికీకి ఒకే చట్రంలో రెండద్దాలు బిగించుకున్నాడు, నడుమ వేలు పట్టేంత సందు వదిలి. చూసినవాళ్లంతా నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. కానీ ఆ గదిలో పడుకుంటే నిజంగానే రొద వినిపించేది కాదు.

చలికాలం. మాకు తొలిచూలు ఆడపిల్ల. ఇంకా నెల నిండలేదు. చిర్రగోనె ఆడే పిల్లలు కొట్టిన కర్రబిళ్ల తగిలి ఆ రెండద్దాలూ పగిలిపోయాయి. గోనెసంచి కట్టాం. చలిగాలి ఆగుతుందా? బిడ్డకు ఊపిరి పట్టేసింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. కాంపౌండరు మందిచ్చి, గాలి తగలనియ్యొద్దని, ఈ రాత్రి గడిస్తే ఫికర్ లేదని చెప్పి వెళ్లాడు.

నాందేడ్ నుంచి బస్సులో గడ్డి చుట్టి అద్దాలు తెప్పించాను. వడ్రంగం చేసే వడ్ల రాజన్న సాయంత్రం వచ్చి, పాత లప్పం గీకేసి, సుద్దపొడి, అవిసె నూనె కలిపి పిసికిన కొత్త లప్పంతో రెండూ అతికించాడు.

“లప్పం పచ్చిగున్నది సారూ. తెల్లారేదాంక జర ముట్టకుండ్రి,” అన్నాడు.

గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నాలుగు రోజులుగా కన్ను మూయని మా ఆవిడ బిడ్డ పక్కనే ఒరిగి నిద్రపోయింది. నేను కందిలి వెలిగించి పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు వినిపిస్తున్నది ఒక్కటే... బిడ్డ ఊపిరి. కుయ్... కుయ్...

అప్పుడు చూశాను. అద్దం మీద చిన్న ఆవిరి మచ్చ. బిడ్డ అరచేయంత.

తువ్వాలతో మెల్లగా తుడిచాను. పోలేదు. బయటి వైపు పట్టిందేమో అనుకుని దుప్పటి కప్పుకుని వెళ్లి అటూ తుడిచాను. పోలేదు. అంటే నడుమన ఉంది... చెమ్మ చిక్కుకుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని వచ్చి కూర్చున్నాను.

కుయ్... మచ్చ పెద్దదైంది. ఆగింది... చిన్నదైంది. కుయ్... మళ్లీ పెద్దదైంది.

నా ఊపిరి వల్లేమోనని బిగబట్టి చూశాను. మచ్చ ఆగలేదు. బిడ్డ వైపు చూశాను... అద్దం వైపు చూశాను... రెండూ ఒకటే లయ. ఎవరో ఆ సందులో నిలబడి నా బిడ్డ ఊపిరి పీలుస్తున్నారనిపించింది. భయం వేసింది, అంతకు మించి కోపం వచ్చింది. వంటింట్లోకి పోయి పచ్చడిబండ తెచ్చాను. చెయ్యెత్తాను.

మచ్చ చిన్నదైంది... ఇంకా చిన్నదైంది... పోయింది. మళ్లీ రాలేదు.

గదిలో కుయ్‌మన్న చప్పుడు కూడా లేదు.

బండ జారిపోయింది. ఆ చప్పుడుకు మా ఆవిడ లేచి బిడ్డను అందుకుంది. పెదవులు నల్లబడ్డాయి. నోట్లో వేలు పెట్టి తెమడ తీసింది, బోర్లా పట్టుకుని వీపు చరిచింది. ఉలుకు లేదు. పలుకు లేదు. నేను కొయ్యలా నిలబడిపోయాను.

ఇక్కడే చెప్పాలి... ముందు అద్దం మీద మచ్చ వచ్చింది. ముందు అదే! ఆ తర్వాతే బిడ్డ కేర్‌మంది.

ఆమెకు అంతా చెప్పేశాను. పగలగొట్టేస్తానని బండ అందుకున్నాను. ఆమె బిడ్డను ఒక చేత్తో అదుముకుని, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

“పలగ్గొట్టకు. గా ఊపిరి ఎవలిదో నీకెర్కనా?”

బండ కింద పెట్టేశాను. తెల్లారేదాకా ఆమె బిడ్డనే చూస్తూ కూర్చుంది, నేను అద్దాన్నే చూస్తూ కూర్చున్నాను. పొద్దెక్కాక మచ్చ పోయింది. బిడ్డ పాలు తాగింది. ఇప్పుడు లక్సెట్టిపేటలో పిల్లలతో సుఖంగా ఉంది.

చెమ్మేనంటాడు రాజన్న. కావచ్చు. కానీ అది నా బిడ్డ ఊపిరి గుంజుకుందా... పోతున్న ఊపిరిని పట్టి వెనక్కిచ్చిందా... ఈనాటికీ తెలియదు. దండం పెట్టాలా, బండ వెయ్యాలా? ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ రెండూ చెయ్యలేకపోయాను.