ఫస్టు క్లాసులో దిగిన దొర

నా వల్ల ఒకసారి ఒక బొగ్గుబాయి మునిగిపోబోయింది. వాన పడలేదు, గోదావరి పొంగలేదు, ఆకాశంలో మబ్బుతునక కూడా లేదు. నేనొక్కణ్ణే సరిపోయాను. దానికి నేను వాడిన సరంజామా ఒక ఎడ్లబండి, ఒక బంతిపూల దండ, కాస్త మెట్రిక్ ఇంగ్లీషు. ఆ రోజు అందరూ నవ్వారు గానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇప్పుడు చెబుతాను, వినండి. ఈసారి మీతోపాటు నేనూ నవ్వుతాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్లయిన రోజులవి. నాకు ఇరవై ఒకటో ఏడు. మంచిర్యాలకు నాలుగు కోసుల దూరంలో ఉన్న మా ఊళ్లో మిషన్ బడి పంతులుని. పేరు దేవదానం, ఊరందరికీ దానం. మా బాపు, అంటే మా నాన్న, ఆ బొగ్గుబాయిలో, గని అడుగున నీళ్లు తోడే పంపు దగ్గర పనిచేసేవాడు, వారానికొకసారి ఇంటికొచ్చేవాడు. మా చర్చి పాస్టరు ప్రకాశం అయ్యగారికి డెన్మార్కులో హాన్సెన్ అని ఒక స్నేహితుడుండేవాడు. అయ్యగారు చదువు కోసం ఆ దేశం వెళ్లి ఏడాదిపాటు ఆయన ఇంట్లోనే ఉన్నారట. పదకొండేళ్ల తర్వాత ఆ హాన్సెన్ దొర పాత మిత్రుణ్ణి చూడటానికి, పనిలో పనిగా మన దేశమంతా తిరగటానికి వస్తున్నానని ఉత్తరం రాశాడు.

ఇక చూడండి మా ఊరి సంబరం! చర్చికి సున్నం వేశారు. సున్నం మిగిలితే పక్కనున్న పశువుల కొట్టానికీ వేశారు. బర్రెలకు కూడా వేసేవాళ్లేగానీ అవి నిలబడలేదు. ఆ హడావుడిలో అయ్యగారు రంగుకాగితాలు కట్టబోయి నిచ్చెన మీంచి జారారు. చీలమండ సొరకాయంత వాచింది. మరి తెల్లవారి స్టేషనుకు వెళ్లేదెవరు? అందరూ నా వైపు చూశారు. ఎందుకంటే నేను అప్పటికే ముందుకొచ్చి నిలబడి ఉన్నాను.

"దానం, ఇంగ్లీషుల మాట్లాడగలుగుతవా?" అన్నారు అయ్యగారు.

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి అయ్యగారూ. నాకు కలలు గూడ ఇంగ్లీషులనే వస్తయ్."

"కలలు తర్వాత సూద్దాం, ముందుగాల మనిషిని తీస్కరా. బక్కగ, పొడుగ్గుంటడు. సాదాసీదా మనిషి. వచ్చే తొవ్వల జర మన దేశం సూపించుకుంట తీస్కరా. గది సూద్దామనే గంత దూరం నుంచి వస్తుండు."

ఆ 'జర' అన్న మాటను నేను జరంత కూడా పట్టించుకోలేదు.

తెల్లవారగానే గంజిపెట్టిన చొక్కా తొడుక్కుని, మా ఊరి లింగన్న ఎడ్లబండిలో మంచిర్యాల స్టేషనుకు చేరాను. కాజీపేట వైపు నుంచి రైలు వచ్చింది. దొర అన్నాక ఫస్టు క్లాసులో కాక ఇంకెక్కడ వస్తాడు? వెళ్లి ఆ పెట్టె తలుపు దగ్గర గోడకు బల్లిలా అతుక్కుని నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది. ఒక తెల్లాయన దిగాడు. పొట్టిగా, గుండ్రంగా, పండిన టమాటలా ఎర్రగా ఉన్నాడు. వెనకాలే ఒక ఇనప్పెట్టె మోస్తూ కూలీ రొప్పుతున్నాడు.

బక్కగా, పొడుగ్గా అన్నారే అని ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట నిజం. కానీ పదకొండేళ్లంటే మాటలా? మనిషన్నాక ఒళ్లు చేస్తాడు. ఒళ్లు చేసినకొద్దీ పొట్టిగా కనిపిస్తాడు. చదువుకున్నవాడి బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూశారా!

"హాన్సెన్ దొర?" అన్నాను.

"హాన్స్! హాన్స్!" అంటూ ఆయన సంతోషంగా గుండె మీద తట్టుకున్నాడు.

దండ వేసేశాను. బండిని చూసి ఆయన ఏదో అడిగాడు. ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషుకు దూరపు చుట్టం కూడా కాదు. అర్థం కాని ప్రతి మాటకూ 'యెస్ సార్' అనటం నా పద్ధతి. సగంసార్లయినా సరిపోతుంది కదా! మిమ్మల్ని బొగ్గుబాయి వాళ్లే పంపారా అని ఆయన అడిగినట్టు మధ్యాహ్నం గానీ నాకు తెలియలేదు.

అదే సమయంలో అదే రైలు చివర, మూడో తరగతి పెట్టెలోంచి ఒక బక్కపల్చటి, పొడుగాటి తెల్లాయన ఎవరో ముసలమ్మ కోళ్లగంప పట్టుకుని ఆమెను చెయ్యిపట్టి దింపుతున్నాడట. నేనటు తల తిప్పనేలేదు.

బండి కదిలింది. లింగన్న రెండుసార్లు వెనక్కి చూశాడు.

"దానం, గా పెట్టెల ఏమున్నదే? ఎడ్లు నాలుకలు బయట పెట్టినయ్."

"బైబిళ్లుంటయ్ అన్నా. మనకు పంచుదామని తెచ్చిండు."

"గిన్నా? మనూర్ల సదువొచ్చినోల్లే పదిమంది గాదు!"

నేను దొరకు గోదావరి చూపించాను. జొన్నచేలు చూపించాను. తాటిచెట్టెక్కుతున్న గీత కార్మికుణ్ణి కేకేసి మరీ చూపించాను. ఆయన మాత్రం గడియారం వైపే చూసుకుంటూ "పంప్?" అన్నాడు. పాపం దప్పికయిందనుకుని చెంబుతో నీళ్లిచ్చాను. తాగి, మళ్లీ "పంప్!" అన్నాడు. ఇంకో చెంబు. మూడో చెంబుకు ఆయన కళ్లలో వెలుగు పోయింది.

"చెంబునీళ్లు ఒంటికి పడ్తలెవ్వేమో. దొరలు బోరింగు నీళ్లే తాగుతరట," అన్నాడు లింగన్న.

నిజమే సుమా అనిపించింది. దారిలో మా ఎస్తేరు అత్త ఊళ్లో, చర్చి ముందర చేతిపంపు ఉంది. కాకపోతే అది చెడిపోయి రెండు నెలలైంది. అయినా చూపించటానికేం?

"పంప్! యెస్ సార్! వెరీ నియర్!" అన్నాను. ఆయన ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది.

అత్త ఊళ్లో ఆడవాళ్లంతా పాట అందుకున్నారు. అత్త వేడివేడి సర్వపిండి రొట్టెలు పళ్లెంలో పెట్టుకుని ఎదురొచ్చింది. దొర ఎవరినీ చూడకుండా పంపు దగ్గరికి పరుగెత్తాడు. పంపును చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ పంపును చూశాడు.

"ఇదేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఈసారి నాకు బాగా అర్థమైంది.

"యెస్ సార్. వన్ పంప్. బిగ్ ట్రబుల్."

ఆయన ఇనప్పెట్టె మీద కూలబడి తల పట్టుకున్నాడు. దేశాలు దాటి వచ్చింది దీనికోసమా అన్న బాధ ఆ ముఖంలో ఎవరికైనా కనిపించేది, నాకు తప్ప. చివరికి పెద్ద నిట్టూర్పు విడిచి పెట్టె తెరిచాడు. లోపల మోచేతి పొడవు పానాలు, సుత్తెలు, పట్టకార్లు.

"దానం, గివేం బైబిళ్లే?" అన్నాడు లింగన్న.

నా కడుపులో చిన్న అనుమానం ఒకటి కదిలింది. దాన్ని ఒక సర్వపిండితో అదిమేశాను.

గంటలో దొర పంపు విప్పేశాడు. లోపలి తోలుముక్క చినిగిపోయి ఉంది. చుట్టూ చూశాడు. లింగన్న కాళ్లకున్న కొత్త చెప్పులు కనిపించాయి. లింగన్న "అరె, అరె!" అనేలోపే ఒక చెప్పులోంచి గుండ్రంగా ముక్క కోసి లోపల బిగించేశాడు. పిడి పట్టుకుని పది దెబ్బలు కొట్టాడో లేదో నీళ్లు భళ్లున దూకాయి! ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. బిందెలు బిందెలు గుద్దుకున్నాయి. అత్తకు కళ్లనీళ్లొచ్చాయి.

"రెండు నెలల సంది వాగు నుంచి మోస్తున్నం నాయినా! నువ్వు సల్లగుండాలె," అంటూ దొర చేతిలో నాలుగు సర్వపిండ్లు పెట్టింది. ఆయన నాలుగూ తిని మొదటిసారి నవ్వాడు.

నా గర్వానికి హద్దు లేదు. నేను తెచ్చిన దొర! మధ్యాహ్నానికి డప్పుల మధ్య మా ఊళ్లోకి ప్రవేశించాం. లింగన్న మాత్రం ఒంటికాలి చెప్పుతో బండి తోలాడు. అయ్యగారు వాకిట్లో కుర్చీలో కూర్చుని చేతులు చాచారు. చాచిన చేతులు చాచినట్టే ఆగిపోయాయి.

"దానం, గీయనెవలు?"

"గట్లంటరేంది అయ్యగారూ? మీ దోస్తు!"

"నా దోస్తు పొడుగ్గుంటడు."

"జర ఒళ్లు జేసిండు."

"నీలం కండ్లు గూడ నల్లగైనయా?"

అయ్యగారు ఆ దొరతో ఇంగ్లీషులో మాట్లాడారు. అసలు ఇంగ్లీషులో. మాట్లాడేకొద్దీ ఆయన ముఖం పాలిపోయింది.

"దానం, గీయనది జర్మనీ. పంపులు బాగుచేసే ఇంజనీరు. బొగ్గుబాయిల పంపు ఆగిపోయి నీళ్లు నిండుతున్నయని పిలిపించిన్రట. పొద్దటి సంది నువ్వు పంపు దగ్గరికే తీస్కపోతున్నవనుకున్నడట."

 ఆ పంపు దగ్గరే కదా మా బాపు! అంతలో జీపు హారను మోగింది. ముందు సీట్లోంచి బాపు దూకాడు, ఒళ్లంతా బొగ్గు. వెనకనుంచి ఒక బక్కపల్చటి, పొడుగాటి మనిషి దిగాడు. నెత్తిన గని టోపీ, ముఖమంతా మసి, ఆ మసిలో రెండు నీలం కళ్లు.

"హాన్సెన్!" అని అరిచి అయ్యగారు వాచిన కాలితోనే పరుగెత్తి వాటేసుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు. సున్నం వేసినట్టున్న అయ్యగారి అంగీ నల్లబడిపోయింది.

బాపు నా వైపు తిరిగాడు. "మా బాయి గుమాస్తా స్టేషనుకు లేటుగ పోయిండట. ప్లాట్‌ఫారం మీద ఒక్క దొరే కనవడ్డడు. జీబుల ఏస్కొచ్చిండు. టోపీ పెట్టినం, దీపమిచ్చినం, బాయిల దించినం. పంపు సుట్టు తిరిగిండు. మేమందరం ఊపిరి బిగవట్టి సూస్తున్నం. జేబుల నుంచి పుస్తకం తీసిండు. లెక్క గడుతుండు అనుకున్నం. బొమ్మ గీసిండు!"

"పంపు బొమ్మా బాపూ?"

"నా బొమ్మ!" అన్నాడు బాపు. కోపంలోనూ ఆ మాట కొంచెం గర్వంగానే వచ్చింది. "గప్పటికి నీళ్లు మోకాళ్లదాంక వచ్చినయ్. మనుషులందర్ని పైకి పంపినం. గప్పుడు అయ్యగారి పేరు చెప్పిండు. పా, ఎక్కు జీబు! పెట్టె నువ్వే మొయ్యాలె."

మోశాను. బాయిలోకి దిగి, మోకాలి లోతు నీళ్లలో దీపం పట్టుకుని నిలబడ్డాను. ఏనుగంత పంపు కనబడగానే హాన్స్ దొర తప్పిపోయిన తమ్ముణ్ణి చూసినట్టు దాన్ని నిమిరాడు. ఆయన చేతులు ఆడుతుంటే బాపు ఒక్కో పానా అందించాడు. రెండు గంటలకు పంపు దగ్గింది, గురగురలాడింది, ఒక్కసారిగా హోరెత్తింది! నా మోకాళ్ల మీంచి నీళ్లు మెల్లగా కిందికి దిగుతుంటే నా ప్రాణం మెల్లగా పైకి లేచింది. బాపు, దొర ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. వాళ్లిద్దరికీ ఒక్క భాషా కలవదు. పొద్దుటి నుంచి అంత చక్కగా మాట్లాడుకున్నవాళ్లు వాళ్లిద్దరే.

పైకొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది.

"నువ్వు ఇంగ్లీషు మాట్లాడినవా?" అన్నాడు బాపు.

"మాట్లాడిన బాపూ."

"ఇగ మాట్లాడకు."

తిట్టింది అంతే. అది చాలదూ?

హాన్సెన్ దొర పక్షం రోజులు మా ఊళ్లో ఉన్నాడు. ఎన్ని దేశాలు తిరిగినా మొదటిరోజే భూమి అడుగుకు తీసుకెళ్లి, పనివాళ్లందరితో చెయ్యి కలిపించిన మర్యాద ఇంకెక్కడా చూడలేదని, ఆ ఏర్పాటు చేసిందెవరని అడిగాడు. అయ్యగారు నా పేరు చెప్పారు. ఆయన వచ్చి రెండు చేతులతో నా చెయ్యి ఊపాడు. నాకు అలవాటైన మాటే వచ్చింది: "యెస్ సార్."

ఆ వారంలోనే పక్కూరి నుంచి నలుగురు పెద్దమనుషులు మా బడికొచ్చారు.

"బిడ్డా దానం, మా ఊరి బోరింగు గూడ ఖరాబైంది. ఇంకో రైలుకు జర స్టేషనుకు పోయి ఇంకో దొరను తీస్కరారాదు?"

ఆ ఆదివారం చర్చిలో మోకాళ్లూని, పరలోకమందున్న తండ్రి సాక్షిగా, స్వచ్ఛమైన తెలుగులో ప్రమాణం చేశాను: ఇక నా జీవితంలో మనిషెవరో తెలుసుకోకుండా దండ వెయ్యను, అర్థంకాని మాటకు 'యెస్' అనను, లింగన్నకు కొత్త చెప్పులు కుట్టించేదాకా ఆయనకు ఎదురుపడను. ఆమెన్.