సగం మాత్ర

నిన్న పొద్దున షుగరు మాత్రను సగానికి విరిచాను. ఇకనుంచి సగమే వేసుకోమన్నాడు డాక్టరు. గోటి కింద అంటిన పొడిని అలవాటుగా నాలుకకు రాసుకున్నాను. చేదు. అంతే, ఒళ్ళు మండిపోయింది. ఎనభై దాటిన మనిషికి పొద్దున్నే ఇంత కోపమేమిటన్నట్టు మా కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది. ఆమెకేమని చెప్పను? ఆ చేదు నోట్లో పడితే నాకు మార్తమ్మ డాక్టరమ్మ గుర్తొస్తుంది. ఆమె వెంట ఓబులమ్మ, ఖాసింబీ వస్తారు. వాళ్ళ వెనకాల పట్నం నుంచి కారేసుకుని వచ్చిన ఆ పెద్ద డాక్టరు కూడా దిగుతాడు. ఆయన గుర్తొచ్చాక నా కోపం ఆగదు.

అరవైల మొదట్లో నేను నర్సుగా చేరింది పెనుకొండ దిగువన, బెంగుళూరు రోడ్డు పక్కనున్న చిన్న ఆసుపత్రిలో. దాన్ని నడిపేది మార్తమ్మే. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు, గొంతు మాత్రం గేటు దాకా వినిపించేది. సోమందేపల్లె పక్కన కూలీల ఇంట్లో పుట్టి, మద్రాసులో చదివి, మళ్ళీ మా ఎండల్లోకే వచ్చింది. నేను చేరిన వారంలోనే ఒక ముసలాయనకు సూది వేసి పక్క మంచానికి పోతుంటే నిలబెట్టేసింది. “ఆయప్పకు ఏం మందేసినావో చెప్పినావా?” అంది. చెబితే ఏం అర్థమవుతుంది మేడమ్ అన్నాను. “ఎద్దుకు సూదేసేటోడు కూడా మెడ నిమిరి ఏస్తాడు. నువ్వు మనిషికి ఏస్తాండావు. పో, చెప్పి రా,” అంది. పోయి, జ్వరం తగ్గడానికి తాతా అని చెప్పాను. “జరానికా తల్లీ, సరే,” అన్నాడాయన. అంతే పని. అంత మాత్రం చేయడానికి పెద్ద చదువుల వాళ్ళకు నోరెందుకు పెగలదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఆడవాళ్ళ వార్డులో ఎక్కువమంది బుగ్గలో పుండుతో వచ్చినవాళ్ళే. చెనక్కాయ చేలలో పొద్దంతా వంగి పనిచేసే కూలి ఆడవాళ్ళు, ఆకలి తెలియకుండా ఉండడానికి పొగాకూ సున్నమూ కలిపి బుగ్గన పెట్టుకునేవారు. వాన మొహం చాటేసిన ఏడు సంగటి తగ్గేది, పొగాకు పెరిగేది. ముందు బుగ్గలో తెల్లటి మచ్చ, తర్వాత మానని పుండు, ఆపైన క్యాన్సరు. పైగా పొగాకు ఒంటరిగా నమిలేది కాదు. ఒకామె నడుము సంచి విప్పితే పక్క సాలులో ఉన్నామెకు సగం చీల్చి ఇవ్వాల్సిందే. దాచుకుని నమిలే మనిషిని మర్నాడు పనికి కలుపుకునేవారు కాదు. కరువు రోజుల్లో గంజి కేంద్రం ముందు వరసలో నిలబడ్డా అంతే. తన చెంబులో పడినదాన్ని పక్క చెంబులోకి కాస్త వంపాకే తాగేవారు. మా సీమలో దాన్ని దానమని ఎవరూ అనరు. అలా చేస్తేనే అందరూ బతుకుతారు, అంతే.

ఆ వార్డులోకి వచ్చాడు పట్నం డాక్టరు, పసుపుపచ్చ మాత్రల డబ్బాతో. కొత్త మందు. ఈ క్యాన్సరు మీద పనిచేస్తుందో లేదో తేల్చాలి. ఎడమ వరస మంచాల వాళ్ళకు మామూలు వైద్యంతో పాటు ఈ మాత్ర, కుడి వరస వాళ్ళకు మామూలు వైద్యమే. కొన్ని నెలలయ్యాక రెండు వరసలనూ పోల్చి చూస్తారు. మార్తమ్మ కాదనలేదు, పైగా సంతోషపడింది. “తెలుసుకోవాల్సిందే. ఊరికే అనుకోని ఎన్నాళ్ళు మందులిస్తాం?” అంది. అయితే ముందు వీళ్ళకు చెప్పి మొదలుపెడదామంది. ఆయన నవ్వాడు. “చెబితే భయపడి పారిపోతారండీ. బలానికి మాత్ర అని చెప్పి ఇచ్చేయండి.” ఆసుపత్రి కమిటీ పెద్దలు ఆయన వైపే నిలబడ్డారు. మార్తమ్మ ఆ పూట ఓడిపోయింది. డబ్బా నా చేతికిచ్చి వెళ్ళిపోయింది.

ఓబులమ్మది తనకల్లు. ఎడమ వరసలో చివరి మంచం. దానికెదురుగా కుడి వరసలో చిలమత్తూరు ఖాసింబీ. ఆసుపత్రికి వచ్చేదాకా ఒకరికొకరు తెలియరు. వచ్చాక ఒకరి ఇంటినుంచి వచ్చిన రాగి అంబలి ఇద్దరిదీ అయింది. పుండుకు తగలకుండా ఎలా మింగాలో ఒకరికొకరు నేర్పుకునేవారు. ఖాసింబీకి ఆపరేషను ఆ వారంలోనే పెట్టుకున్నాం. ఆలోపు ఒక ఉదయం పెద్ద డాక్టరు వార్డు చూడడానికి వచ్చి ఆమె దిండు దగ్గర ఆగిపోయాడు. దిండు నిండా వెంట్రుకలు. నోరు తెరిపిస్తే పుండు లేని పక్క కూడా కొత్తగా పొక్కులు. “ఈవిడది కుడి వరస కదా. మాత్ర ఎలా వెళ్ళింది?” అని నా మీద అరిచాడు.

నేను నోరు తెరవకముందే ఓబులమ్మ చెప్పింది. “నాకిచ్చే బలం మాత్రలో సగం ఆమెకు పెడతాండా సామీ. ఆయమ్మ ఎదురుగ్గా కూచోనుంటే నేనొక్కదాన్నే ఎట్ల మింగేది?” అలా చెప్పడంలో దాపరికమేమీ లేదు. ఎడమ వరస మొత్తం అవునన్నట్టు తలలూపింది. అందరూ అదే పని చేస్తున్నారు.

ఆయన మొహం ఎర్రబడింది. పరిశోధన అంతా నాశనం చేశారన్నాడు. “ఈ మూఢజనంతో సైన్సు చేయాలనుకోవడం నాదే తప్పు. వీళ్ళిద్దరినీ ఇవాళే పంపించేయండి, మిగిలినవాళ్ళకు బుద్ధొస్తుంది,” అన్నాడు. పంపితే ఖాసింబీ ఏమవుతుందో ఆయనకు తెలియదా? తెలుసు. అందుకే నాకీ మంట. మార్తమ్మ మోకాళ్ళు పట్టుకుని మంచాల మధ్యకొచ్చింది. “యాడికి పంపేది? కత్తికి సిద్ధం చేసిన మనిషిని యాడికి పంపేదప్పా?” అంది. “పొగాకు పంచుకోని రోగం తెచ్చుకున్నోళ్ళు మందు పంచుకోరా? ఇది పంచుకోకూడదని నువ్వు చెప్పింటివా? ఎందుకు కూడదో చెప్పింటివా?” ఆయన్ని ఆమె నువ్వు అనడం అదే మొదలు.

చెబితే వీళ్ళకు అర్థమవుతుందా అన్నాడాయన. మార్తమ్మ స్టూలు లాక్కుని రెండు వరసల మధ్య కూర్చుంది. “ఇది బలం మాత్ర కాదు. మీ రోగానికి పనికొస్తాదో లేదో మాకే తెలీదు. తెలుసుకోవాలనే కొందరికిచ్చి కొందరికి ఇయ్యలేదు. దీంతో ఎంట్రుకలు రాలతాయి, నోరు పుండైతాది, ఇంకా చెడు కూడా చేయొచ్చు. ఈ మాట ముందే చెప్పల్ల. చెప్పలేదు. తప్పు మాది.” వార్డు మొత్తం విన్నది. ఒక్కరూ పారిపోలేదు. ముందే చెప్పింటే పంచుకునేవాళ్ళం కాదు కదమ్మా అన్నారు. ఇప్పుడైనా తెలుసుకోండి, మా పిల్లలకు పనికొస్తాది, మేముంటాం అని కూడా అన్నారు.

ఓబులమ్మ మాత్రం తన అరచేతిని చూసుకుంది. “మంచిదనుకోని పెట్టినానమ్మా,” అంది. “మందో ఇసమో మీకే తెలీనిదాన్ని నా చేత్తో ఆయమ్మ నోట్లో పెట్టించినారే.” ఖాసింబీ లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. “నువ్వేం చేస్తావు ఓబులక్కా, ఊరుకో,” అంది. మార్తమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పెద్ద డాక్టరు డబ్బా తీసుకుని కారెక్కి వెళ్ళిపోయాడు. మొదటినుంచీ చెప్పి మళ్ళీ మొదలుపెడదామని మార్తమ్మ వెంటపడి అడిగినా వినలేదు. రోగుల అజ్ఞానం వల్ల పని చెడిందని కమిటీకి చెప్పాడట. అజ్ఞానం ఎవరిదో ఆ వార్డులో నిలబడిన నాకు తెలుసు. ఇద్దరినీ పంపించాలని కమిటీ పట్టుబడితే, వాళ్ళతోపాటు నేనూ పోతానంది మార్తమ్మ. ఆ మాటతో కమిటీ వెనక్కి తగ్గింది. ఇద్దరికీ ఆమే ఆపరేషను చేసింది. ఖాసింబీ మళ్ళీ వాన చూడకుండానే పోయింది. ఓబులమ్మ గుంటపడిన బుగ్గతో బతికింది. పరీక్షకు వచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగేది. “నేను పెట్టిన సగం ఆయమ్మను నాలుగు దినాలు నిలబెట్టిందా, తొందరగా తీసకపోయిందా?” మార్తమ్మ అబద్ధమాడి ఆమెను ఊరడించి ఉండొచ్చు. ఆడలేదు. “తెలీదు ఓబులమ్మా. తెలుసుకునే దోవ మేమే చెడగొట్టుకున్న్యాం,” అనేది. మేము అనేది, వాళ్ళు అనేది కాదు. నాకంత పెద్ద మనసు లేదు, నేను ఇప్పటికీ ఆయనే చెడగొట్టాడంటాను.

నేను పెద్ద నర్సునయ్యాక నా కింద పనిచేసిన పిల్లలను ఇదే విషయంలో తిట్టాను. ఏమిస్తున్నావో చెప్పి ఇవ్వు, తెలియకపోతే తెలియదని చెప్పి ఇవ్వు అని. ఈమధ్య ఒక పెద్దాసుపత్రిలో, ఒప్పుకోలు కాగితం చదివి వినిపించకుండానే ఒక ముసలామె బొటనవేలికి సిరా రాస్తున్న కుర్రాడినీ వదలలేదు. నా కొడుకు నన్ను చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చాడు.

ఓబులమ్మ ఆఖరిసారి వచ్చేనాటికి మార్తమ్మ లేదు. ఆ ప్రశ్న నన్ను అడిగింది. నీ సగమే నిలబెట్టిందిలే అక్కా అనే మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాను. “తెలీదక్కా,” అన్నాను. ఆమె తలూపి, నడుము సంచి విప్పి, చిన్న ముక్క తీసి రెండుగా విరిచింది. నా చేతిలో సగం పెట్టబోతూ ఆగింది.

“ఇది బెల్లమమ్మా. బెల్లమని నాకు తెలుసు,” అని చెప్పి, అప్పుడు పెట్టింది.