మందుకు వర్జ్యం తెలియదు

స్నానం చేస్తుంటే మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని మా ఆయన కొట్టిపారేశారు. పామర్రులో డాక్టరుగారు మాత్రం తడిమి చూసి, "బెజవాడ వెళ్ళి బయాప్సీ చేయించుకోండమ్మా" అన్నారు. లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అని తేలింది.

ఎంతవరకు పాకిందో పెట్ స్కాన్‌లో చూశాకే కీమో అన్నారు. స్కాన్‌కి ముందు ఎక్కించే రేడియోయాక్టివ్ మందు ఆ రోజు తెల్లవారుజామునే హైదరాబాద్ నుంచి సీసపు పెట్టెలో, నా పేరు మీద కార్లో వస్తుందట. "లేటు చేయొద్దమ్మా, అది నిల్వుండదు" అని బెజవాడ స్కాన్ సెంటర్ వాళ్ళు ఫోన్ చేసి మరీ చెప్పారు.

ఆ పొద్దున పరగడుపునే సంచి సర్దుకుని వాకిట్లో నిలబడ్డాను. మా ఆయన అక్కగారు గోడమీది క్యాలెండర్ చూసి, "వర్జ్యం నడుస్తోందిరా, దాటాక బయల్దేరండి" అంది. ఆయన కారు తాళాలు జేబులో వేసుకుని కూర్చున్నారు.

"వదినా, మందు మనకోసం ఆగదు" అన్నాను.

"వర్జ్యం ఆగుతుందా ఏంటి?" అంది.

అక్క గీసిన గీత దాటరు మా ఆయన. నా కడుపు మండిపోయింది, ఆకలికి కాదు.

వర్జ్యం దాటాక బయల్దేరి మేం చేరేసరికి ఆలస్యమైంది. టెక్నీషియన్ సిరంజిని గుండ్రటి మిషన్లోకి దించి, మందులో శక్తి ఎంత మిగిలిందో కొలిచాడు. తెర మీద అంకె చూసి తల అడ్డంగా ఊపాడు. "రెండు గంటలు తిరక్కుండానే సగమైపోద్దమ్మా ఇది. మిగిలింది చాలదు, స్కాన్ సరిగా రాదు." ఇంకోసారి చూడు బాబూ అని బతిమాలాను. పాపం, మళ్ళీ కొలిచాడు. ఇంకా తగ్గింది.

మరో స్లాట్ దొరికేసరికి వారం దాటిపోయింది. ఆ స్కాన్‌లో పొట్టలో కూడా గడ్డలు కనబడ్డాయి.

"ఆలస్యమవబట్టే పాకిందా సార్?" అనడిగాను.

"అవునని చెప్పలేనమ్మా. కాదనీ చెప్పలేను" అన్నారు క్యాన్సర్ డాక్టరుగారు. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

కీమోకి జుట్టంతా ఊడింది, నోటినిండా పుళ్ళు. మధ్యలో రక్తంలో తెల్లకణాల కౌంట్ పడిపోయి మళ్ళీ అడ్మిట్ అయ్యాను. వదిన చూడ్డానికొచ్చి, "మంచి ఘడియలో బయల్దేరబట్టే ఈమాత్రమన్నా దక్కావు" అంది. సెలైన్ స్టాండు ఎత్తి నెత్తిన వేద్దామనిపించింది. మా ఆయన పక్కనే నిలబడి అవునని తలూపారు. ఆవిడ మాటన్నా మర్చిపోతానేమోగానీ, ఆ తలూపడం మర్చిపోలేను.

ఇప్పుడు బాగానే ఉన్నాను. తిండి తింటున్నాను, నా పని నేను చేసుకుంటున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. మందు ఎప్పుడొస్తుందో సెంటర్ వాళ్ళని అడగండి, ఎప్పుడు బయల్దేరాలో ఇంట్లోవాళ్ళని అడక్కండి. నేనైతే స్కాన్ ఉన్న రోజు ఒక్కదాన్నే విజయవాడ బస్సెక్కేస్తాను. మా ఆయనకి స్కాన్ అయ్యాక ఫోన్ చేస్తాను.