గవరయ్య తాళంకప్ప

పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్ పేట గవరయ్య సగం జీవితం దీవుల పవర్‌హౌసుల్లో, జనరేటర్ల మోతలోనే గడిచింది. అలాంటివాడు అంటార్కిటికాలో మన దేశపు స్టేషన్‌కు మెకానిక్ కావాలన్న ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాడంటే పేటంతా నవ్వింది. స్వెట్టర్ ఎరగని ఒంటికి ఇదేం సరదా అన్నారు. అంతే, గవరయ్యకు పంతం వచ్చింది. కూతురు సుష్మ చేత బడి పుస్తకంలోని ధ్రువాల పాఠం నాలుగుసార్లు చదివించుకుని విన్నాడు.

ఇంటర్వ్యూ పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక ఆఫీసులో, వీడియోలో జరిగింది. తెర మీద ముగ్గురు అధికారులు. వాళ్లలో పెద్దాయన తిరుమలరావు మెయిన్‌ల్యాండ్ తెలుగాయన.

“మంచు ఎప్పుడైనా చూశారా?” అన్నాడాయన.

“రోజూ చూస్తాను సాబ్. జెట్టీ కాడ, చేపల మీద.”

ముగ్గురూ పగలబడి నవ్వారు. గవరయ్యకు ఒళ్లు మండింది.

“రెండు ధ్రువాలకీ తేడా తెలుసా?”

“ఉత్తరానిది సముద్రం సాబ్, పైన గడ్డకట్టీసింది. దక్షిణానిది నేల, దాని మీద కిలోమీటర్ల మందాన మంచు. మన స్టేషన్ కాడ చలికాలం రెండు నెల్లు సూర్యుడే రాడు. పన్నెండు నెల్ల సాల్‌కి ఒక్క ఓడ.”

“పాఠం బాగానే అప్పజెప్పారు. కానీ ఉక్కలో పుట్టి పెరిగిన మనిషి, ఆ చలికి వారంలో ఇంటికి పోతానంటారు. పోదామంటే ఓడ ఉండదక్కడ.”

గవరయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“నానొకటి అడుగుతాను సాబ్. చలికి మీరు కోట్లిస్తారు, బూట్లిస్తారు. ఓడ రాని రోజులకి ఏటిస్తారు?”

“మీరే చెప్పండి,” అన్నాడు తిరుమలరావు.

“నాను పని చేసిన చిన్న దీవిలో బియ్యం డబ్బా ఎనకాల ఇంకో డబ్బా లేని ఇల్లుండదు. ఓ తుఫానుకి ఇరవై మూడు రోజులు ఓడ రాలేదు. పవర్‌హౌస్ లెక్కలో డీజిల్ పది రోజులకే ఉంది. అయినా హాస్పిటల్లో లైటు ఒక్క పూట ఆరలేదు. ఓడ వచ్చిన ప్రతిసారీ ఒక డ్రమ్ము పక్కన పెట్టి, గదికి తాళం ఏసీవోణ్ణి. ఎవులికీ చెప్పలేదు. ఉందని తెలిస్తే ఉండదు సాబ్. అడగకుండా దాచినానని మెమో ఇచ్చినారు. ఇంకో పది ఇమ్మనండి, మళ్లీ దాస్తాను.”

నమస్కారం పెట్టి లేచి వచ్చేశాడు. ఆ ఉద్యోగం చేజారిందనుకున్నాడు, బాధ కూడా పడ్డాడు. అన్న మాటలకు మాత్రం విచారించలేదు.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. సుష్మ చదువుతుంటే భార్య తవిటమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. ఎంపికయ్యారని అచ్చులో ఉంది. అడుగున తిరుమలరావు చేతిరాత: “వచ్చేటప్పుడు మీ తాళంకప్ప తెచ్చుకోండి.”

తవిటమ్మ అటక మీద నుంచి తుప్పు పట్టిన తాళంకప్ప తీసి, చీర చెంగుతో తుడిచి ఇచ్చింది.

“కప్ప అట్టుకెళ్తాను,” అన్నాడు గవరయ్య. “చెవి మాత్రం ఆ సాబ్ అడిగినా ఇవ్వను.”