బూడిద చల్లారేదాకా

మా మేనమామ పోయాడన్న మాట మా అత్త నోటినుంచి రాలేదు. "మీ మామ లేపితే లేస్తాలేడు పాపా, నువ్వు బిన్నా రా" అని మాత్రం ఫోన్ చేసింది. పావగడ బజారులో మా అంగడిలో కందిపప్పు తూకం వేస్తున్నదాన్ని, తక్కెడ అట్లాగే వదిలేసి వల్లూరుకు పరుగెత్తాను. మధ్యాహ్నం సంగటి తిని, తన ఇల్లుబండిలో నడుం వాల్చినవాడు నిద్రలోనే వెళ్ళిపోయాడు. బండి ఎప్పటిలాగే ఆయన పాత చేని పక్కన, సోలారు పలకల కంచెను ఆనుకుని నిలబడి ఉంది.

ఇల్లుబండి అన్న పేరు ఊరివాళ్ళు ఎగతాళికి పెట్టింది. చెనిక్కాయలు పండిన చేను సోలారు వాళ్ళకు కౌలుకు పోయాక మామకు చేతులు ఊరికే ఉండలేకపోయాయి. పాత బడి వ్యాను ఒకటి కొని, సీట్లు పీకేసి, రెండు మంచాలు, ఒక గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము బిగించాడు. పైన ఒక సోలారు పలక కూడా పెట్టాడు. జనం నవ్వితే, "చేను నిండా వాళ్ళు పరుచుకున్నారు. నెత్తిమీద నేనొకటి పెట్టుకుంటే తప్పేందప్పా?" అనేవాడు. అత్తతో మాత్రం, "కదలని చేనే చేతిలోనుంచి పోయింది. ఇంక మనమన్నా కదులుదాం" అన్నాడట.

కదిలాడు కానీ, నిప్పుకు భయపడినంతగా ఆయన దయ్యానికి కూడా భయపడలేదు. నా చిన్నప్పుడు ఇంట్లో ఎవరో పొయ్యిలోని బూడిద చల్లారిందనుకుని దిబ్బలో పోస్తే, గాలికి చెనిక్కట్టె వామి అంటుకుంది. మేత లేక ఆ యేడు ఎద్దులను అమ్ముకోవలసి వచ్చింది. వాటిని తోలుకుపోతుంటే మామ గుమ్మంలోకి కూడా రాలేదు. "మండేదాన్ని చూస్తే అందరూ జాగర్తగానే ఉంటారు పాపా. ఆరిందనుకునేదే కొంప గాల్చేది" అన్న మాట ఆయన అప్పటినుంచే అనేవాడు.

అందుకే బండిలో నిప్పు సరంజామా ముందు వచ్చింది, మంచాలు తర్వాత వచ్చాయి. మంటలార్పే ఎర్ర సిలిండరును పొయ్యి దగ్గర కాకుండా తలుపు దగ్గర, ఇసుక బకెట్టు పక్కన కట్టాడు. ఎందుకంటే, "మంటను దాటుకోని పోయి తెచ్చుకుంటామా?" అన్నాడు. దాని ముల్లు పచ్చ గీతలో ఉందా లేదా అని బయలుదేరే ముందు చూసేవాడు. లోపలి పొడి గడ్డ కట్టకూడదని అప్పుడప్పుడు తలకిందులు చేసి, పసిబిడ్డను ఆడించినట్టు ఊపేవాడు. గ్యాసు పైపుకు సబ్బునీళ్ళు పూసి బుడగలు వస్తాయేమోనని గుడ్లప్పగించి చూసేవాడు. చక్రం కదిలితే గ్యాసు కట్టెయ్యాల్సిందే. బాండ్లీలో నూనె అంటుకుంటే కప్పడానికి గొర్రెలవాళ్ళ దగ్గర కొన్న మందపాటి ఉన్ని కంబళి ఒకటి పొయ్యికి చేయందేంత దూరంలో వేలాడేది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. "చలికి నేను గడగడ వణుకుతాంటే చూస్తా ఉన్నాడు గానీ, బాండ్లీ కంబళి మాత్రం ఇయ్యలేదు మీ మామ" అని అత్త ఇప్పటికీ అంటుంది.

పొగ వస్తే కూసే యంత్రం ఒకటి పైన ఉండేది. అత్త ఎండుమిరపకాయలు తిరువాత వేసినప్పుడల్లా అది గోల పెట్టేది. అత్త చెవులు మూసుకుని తిడుతుంటే, మామ మురిసిపోయి, "బతికే ఉండాదిలే!" అనేవాడు.

వెనక కిటికీ సంగతి వేరు. తలుపు దగ్గర మంట లేస్తే ఆ కిటికీలోనుంచే బయటపడాలి. దానికి గడియ లేదు, తోస్తే చాలు. కొత్తగా బండెక్కిన ప్రతివాళ్ళ కళ్ళకూ తువ్వాలు కట్టి, పాకుతూ పోయి ఆ కిటికీని వెతకమనేవాడు. మా అమ్మ నవ్వలేక మధ్యలోనే చతికిలబడింది. అత్త భారీ మనిషి, పైగా మోకాళ్ళ నొప్పులు. మొదటిసారి కిటికీలో ఇరుక్కుపోయింది. మామ రేకు కోయించి కిటికీని వెడల్పు చేయించాడు. కాలు పెట్టుకోవడానికి బయట ఒక ఇనుప మెట్టు బిగించాడు. ఆయన అత్తకు ప్రేమగా చెప్పిన మాట నేను ఒక్కటీ వినలేదు. ఆ మెట్టును మాత్రం చూశాను.

కదిరికి, పెనుకొండకు, లేపాక్షికి ఆ బండిలోనే తిరిగాం. సంగటి కట్టెల పొయ్యి మీదే రుచి అని అత్త పట్టు. కాబట్టి దావలో ఎక్కడో ఆగి మూడు రాళ్ళు పెట్టేవాళ్ళం. తిన్నాక మామ బూడిద మీద నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, అరచేతి వెనకవైపు ఆనించి చూసేవాడు. వెచ్చగా ఉంటే బండి కదలదు.

"గుడి మూసేస్తారు మామా" అని నేను సణిగేదాన్ని.

"దేవుడు యాడికీ పోడు పాపా. ఇంకా వెచ్చగుండాది, కూచో."

ఆ కూర్చున్న కాసేపట్లోనే ఆయన కబుర్లన్నీ. వాన వచ్చే ముందు చేను వాసన, అమ్మేసిన ఎద్దుల పేర్లు, పెళ్ళిచూపుల్లో అత్త తన వైపు చూడనే లేదన్న ఫిర్యాదు. చూసిన గుళ్ళు ఇప్పుడు సరిగ్గా గుర్తు లేవు. ఆ ఎదురుచూపులు మాత్రం మళ్ళీ కావాలనిపిస్తాయి. ఎంత కావాలనిపిస్తాయో చెప్పడం నాకు చేతకాదు.

మామను సాగనంపి వచ్చాక చిక్కు వచ్చింది. "ప్రాణం యాడ పోయిందో ఆడ దీపం పెట్టల్ల. దినాలయ్యేదాకా ఆరకూడదు" అన్నాడు మామకు అన్న అయిన మా పెద్దమామ. మామేమో బతికుండగా బండి లోపల అగరుబత్తి కూడా వెలిగించనిచ్చేవాడు కాదు. అత్త ప్రమిద పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయింది. దీపం పెట్టకపోతే ఆయన చీకట్లో దావ వెతుక్కుంటాడని ఆమె భయం. పెడితే ఆయన మాట దాటినట్టు. ప్రమిదలోని నూనె చీర మీద ఒలికినా ఆమె చూసుకోలేదు.

ఉన్నట్టుండి బండి చుట్టూ తిరిగి వెనక్కి నడిచింది. తెరిచి ఉన్న కిటికీ కింద, తన కోసం బిగించిన ఆ మెట్టు మీద దోసెడు ఇసుక పోసి, ప్రమిద పెట్టింది.

"లోపల కదమ్మా పెట్టాల్సింది" అన్నాడు పెద్దమామ.

"పోయేటప్పుడు ఈ కిటికీలోనుంచే పోయింటాడు బావా. ఊరందరికీ నేర్పించినోనికి తెలీదా?"

పెద్దమామే తలుపు దగ్గరున్న ఇసుక బకెట్టు తెచ్చి మెట్టు పక్కన పెట్టాడు.

దినాలయ్యాయి. ఆ సాయంత్రం నూనె అయిపోయి దీపం దానంతటదే కొండెక్కింది. చుట్టాలు ఆటోల్లో కూర్చుని మమ్మల్ని పిలుస్తున్నారు. కంచె అవతల పలకల మీదినుంచి ఎండ జారిపోతోంది. నేను లేవబోయాను. అత్త వంగి, అరచేతి వెనకవైపు ప్రమిదకు ఆనించింది.

"ఇంకా వెచ్చగుండాది పాపా" అంది. "కూచో."

ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను.