రోమన్ల మాట విని వేసుకున్న తెల్లచొక్కా

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు గానీ, తెలివి ఉందన్న అనుమానం మాత్రం దండిగా ఉండేది. నగరిలో మా ఇంట్లో మరమగ్గం టకటకలాడుతుంటే, నేను పక్కనే కూర్చుని లావుపాటి నిఘంటువులో ఇంగ్లీషు మాటల తాతముత్తాతల్ని వెతికేవాణ్ని. నాయనకు మోకాళ్లు పట్టేసి, మగ్గం ముందు పూటంతా నిలబడలేకపోతున్నాడు. సరిగ్గా అప్పుడే బంగారుపాళ్యం దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ ఉద్యోగం వస్తే నాయన కూర్చుంటాడు, లేకపోతే ఆ కాళ్లమీదే నిలబడాలి.

ఉత్తరంలో నన్ను 'క్యాండిడేట్' అన్నారు. ఇంకేం, నిఘంటువు తెరిచాను. లాటిన్‌లో 'క్యాండిడస్' అంటే తళతళలాడే తెలుపట. రోమ్‌లో పదవి కోరేవాడు బట్టలకు సుద్ద రుద్దుకుని మెరుస్తూ జనంలోకి వచ్చేవాడట. ఇటలీవాళ్లకు ఆ మాట ఇప్పటికీ తెలుపే. ఫ్రెంచివాళ్ల దగ్గరికి చేరేసరికి అమాయకుడైపోయింది. ఇంగ్లీషువాళ్లు దాన్నే 'క్యాండిడ్' అని, ఉన్నమాట దాచకుండా చెప్పేవాణ్ని చేశారు. (ఈ మూడు వేషాలూ ఒక్కపూటలో నేనే వేస్తానని ఏ నిఘంటువూ చెప్పలేదు.)

నాయన నేసిన తెల్లపంచె, పైన తెల్లచొక్కా వేసుకుని బయలుదేరాను.

"మామిడికాయల కాలంలో తెల్లబట్టలేందిరా? సొన తగిలితే సచ్చినా పోదు" అన్నాడు నాయన.

"రోమ్‌లో ఇట్లే పోతారు నాయనా."

"రోము యాడుండాది, పలమనేరు అవతలా?"

ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు కనుచూపు మేర బారులు తీరి ఉన్నాయి. నేను బస్సు దిగానో లేదో, తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన లేచి దండం పెట్టాడు. "వచ్చినాడప్పా! మన దిక్కు సూసేదానికి ఒక లీడరన్నా వచ్చినాడు!"

మా వైపు తెల్లపంచె మీద తెల్లచొక్కా వేసినవాడు లీడరు కాకపోతే మరెవరు? "నేను లీడర్ని కాదు పెద్దాయనా, క్యాండిడేట్‌ని" అన్నాను. ఆ ఒక్క మాటతో ఉన్న అనుమానం కూడా తీరిపోయింది వాళ్లకు.

"నిన్న పొద్దున్నించి ఈడే ఉండాము. తెలిసినోళ్ల బండ్లు ఎనక గేట్లో పోతాండాయి. మా కాయ సూడు, ఎట్ల కారతాండాదో!" అంటూ రెండు కాయలు నా చేతుల్లో పెట్టాడు. సొన, రసం కలిసి చొక్కా మీద పడ్డాయి. వెనక ఇరవైమంది, ముందు నేను, అట్లాగే మేనేజరు గదిలోకి నెట్టుకుపోయారు.

మేనేజరు గభాలున లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. సిగ్గులేకుండా తాగాను. (కాఫీ చాలా బాగుంది.) "సార్‌ది ఏ మండలం?" అని వినయంగా అడిగాడు. జేబులోంచి ఉత్తరం తీసి ఇచ్చాను.

వీళ్లెవరో నాకు తెలియదని ఒక్క మాట అంటే బతికిపోతాను. నాయన మోకాళ్లు గుర్తొచ్చాయి. కానీ పెద్దాయన నా మొహంలోకే చూస్తున్నాడు, ఏం చేయను!

"పనికోసమే వచ్చినాను సార్. కానీ వీళ్లు చెప్పేది నిజం. ముందొచ్చినోళ్లు ఎండలో ఉండారు, ఎనకొచ్చినోళ్లు లోపలికి పోతాండారు. కాయ ఆగదు సార్, నా చొక్కా సూడండి."

మేనేజరు నా చొక్కా వంక చూసి, ఉత్తరం మడిచి నా చేతికిచ్చాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"రేపటి నుంచి గేటు దగ్గర వరస టోకెన్లు నువ్వే ఇయ్యి. వెనక గేటుకు తాళం వేయిస్తా. తెల్లబట్టలు మాత్రం వద్దు. నేను మళ్లీ లేచి నిలబడలేను."

"లీడరు కాదా! ముందే సెప్పొచ్చు గదప్పా, అనవసరంగా దండం పెడితిని" అని పెద్దాయన గొణిగాడు.

ఇంటికి రాగానే నాయన ఉద్యోగం సంగతి అడగలేదు. మరక మీద వేలు పెట్టి, "సెప్పినానా లేదా?" అన్నాడు. విషయం చెప్పాక మాత్రం మగ్గం ఆపి, నులకమంచం మీద కాళ్లు బారచాపి కూర్చున్నాడు. ఆయన అట్లా కూర్చోగా నేను చూడటం అదే మొదటిసారి.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో నేనూ ఒక చిన్న సారునే. ఆ చొక్కా పెట్టెలో ఉంది, నా పొట్టకు బొత్తాలు పట్టవు. పైవాళ్ల ముందు ఉన్నమాట అనేసి ఎన్ని సీజన్లయిందో లెక్కపెట్టుకుంటే నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. ఇప్పుడు నేను వేసుకునేవన్నీ సొన పడినా కనపడని రంగులే.