వీలైతే వస్తాను

రిటైరయ్యాక గుడివాడలో ఇంటిపట్టున కూర్చుని, ఫోన్లో తర్కశాస్త్రం పాఠాలు వింటున్నాను. ఒకచోట చిక్కుకుపోయాను. ‘ఇలా అయితే అలా’ అనే వాక్యంలో మొదటి సగం అబద్ధమైతే, రెండో సగం ఎలా ఉన్నా మొత్తం వాక్యం నిజమేనట! ఇదెక్కడి న్యాయమని విసుక్కుంటూ నిజం, అబద్ధం రాసుకోవడానికి కాగితం మీద పట్టిక గీశాను.

అంతలో బందరు నుంచి మా బావ ఫోన్ చేసి, ఆదివారం వ్రతానికి రమ్మన్నాడు.

“వీలైతే వస్తాను బావా” అన్నాను.

ఫోన్ పెట్టేశాక అదే వాక్యాన్ని పట్టికలో వేసి చూశాను. వీలు కాకపోతే, వెళ్లినా వెళ్లకపోయినా నా మాట నిజమే. వీలయ్యి కూడా వెళ్లకపోతేనే అబద్ధం. వీలైందో లేదో తేల్చేదీ నేనే! మా వైపు ఎవరు ఏ శుభకార్యానికి పిలిచినా అందరం చెప్పే జవాబు ఇదే. అంటే మా జిల్లాలో ఇంతవరకూ ఎవరూ మాట తప్పలేదన్నమాట.

ఉత్సాహం పట్టలేక మా ఆవిడను పిలిచి అంతా వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, పట్టికలో ‘వీలు’ అని రాసిన నిలువు వరస మొత్తాన్ని అరచేత్తో మూసేసింది.

“ఇప్పుడు చెప్పండి. ఆదివారం అన్నయ్యగారింటికి వెళ్తున్నామా, లేదా?”